గిన్నెలో మిగిలిన అన్నం: తేలికైన డైట్ యాప్ కోసం వెతికిన ఒక కేసు

కోస్తా జిల్లాల్లోని ఒక పట్టణంలో డైటీషియన్‌గా పని చేస్తున్నాను. "మేడమ్, ఏం తింటున్నామో రాసుకోవడానికి తేలికైన యాప్ ఏదైనా చెప్పండి" అని ఈ మధ్య రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. చాలాకాలం నేను ఒక పేరు చెప్పి పంపించేసేదాన్ని. ఈ కేసు తర్వాత అలా చెప్పడం మానేశాను. ఆ ఇంటివాళ్ల అనుమతి తీసుకుని, వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి రాస్తున్నాను.

నేపథ్యం

ఈ కేసులో నా దగ్గరికి వచ్చిన ఆమెకు 54 ఏళ్లు. గృహిణి. షుగర్ వచ్చి ఆరేళ్లు. ఇంట్లో ఐదుగురు: ఆమె, దుకాణం నడిపే భర్త, 79 ఏళ్ల అత్తగారు, ఉద్యోగం చేసే చిన్న కొడుకు, కోడలు. పెద్ద కొడుకు అమెరికాలో ఉంటాడు. వంట మొత్తం ఆమే చేస్తారు. కొడుకూ కోడలూ ఉదయం క్యారియర్లు పట్టుకెళతారు.

నా దగ్గరికి వచ్చేనాటికి బరువు 71 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 8.4. మెట్‌ఫార్మిన్‌తో పాటు ఉదయం టిఫిన్‌తో గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు వాడుతున్నారు. కిడ్నీ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. ఆవిడను చూసే డాక్టరు గారు మందు పెంచేముందు తిండి సంగతి చూడమని నా దగ్గరికి పంపారు.

అప్పటికే ఆమె ఫోనులో ఒక కేలరీల యాప్ ఉంది. పెద్ద కొడుకు ఏడాదికి డబ్బు కట్టి, తన ఫోనులోంచి కూడా కనిపించేలా పెట్టించాడు. మొదటి రోజే వీడియో కాల్‌లో నాతో మాట్లాడాడు. తల్లి మీద బెంగ ఉన్న పిల్లాడు. దగ్గర లేకపోయానన్న బాధ మాటల్లో తెలుస్తూనే ఉంది. "రోజూ నేను చూసుకుంటాను మేడమ్, మీరు డైట్ చెప్పండి చాలు" అన్నాడు. నాకూ అది మంచి ఏర్పాటుగానే అనిపించి సరేనన్నాను. ఆ యాప్ ఆమెకు రోజుకు ఎన్ని కేలరీలు లక్ష్యంగా పెట్టిందో తెరిచి చూడలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు అదే.

మొదటి మూడు నెలలు

మూడో వారంలో ఒక సోమవారం మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది. పదకొండు గంటలకు ఆమెకు చెమటలు పట్టి, చేతులు వణికాయని, మీటరులో 62 చూపించిందని చెప్పింది. ఆ అమ్మాయి అప్పటికే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, 70 దాటాక టిఫిన్ పెట్టింది. సరిగ్గా చేయాల్సినదే చేసింది.

ఏం జరిగిందంటే, ఆదివారం ఇంట్లో బిర్యానీ. యాప్‌లో ఆ రోజు అంకె ఎర్రగా మారింది. అది కొడుకు చూస్తాడని ఆమెకు తెలుసు. అందుకని సోమవారం పొద్దున మాత్ర వేసుకుని మజ్జిగ మాత్రమే తాగారు. గ్లిమెపిరైడ్ తిండితో సంబంధం లేకుండా ఇన్సులిన్‌ను బయటకు తోసే మందు. దాన్ని వేసుకుని టిఫిన్ మానేస్తే షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఈ ప్రమాదం చాలా తక్కువ. యాప్ తెరిచి చూస్తే రోజు లక్ష్యం 1,200 కేలరీలని ఉంది. నెలకు ఇన్ని కిలోలు తగ్గాలని కొడుకు నింపిన సమాధానానికి యాప్ తనంతట తాను వేసిన లెక్క అది. ఆమె ఏ మందులు వాడుతున్నారో అది అడగనే లేదు.

మర్నాడే డాక్టరు గారు గ్లిమెపిరైడ్‌ను 1 మిల్లీగ్రాముకు తగ్గించారు. ఆ లక్ష్యాన్ని నేను తీసేయించాను. రాయడం మాత్రం కొనసాగించమన్నాను. ఏం తింటున్నారో తెలియకుండా సలహా ఎలా ఇస్తాననేది అప్పటి నా ఆలోచన.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. మందు సగానికి తగ్గింది కాబట్టి కొంత పెరగడం అర్థం చేసుకోవచ్చు. అర్థం కానిది ఇంకొకటి. యాప్ చెప్పిన సగటు రోజుకు 1,180 కేలరీలు. ఆ ఎత్తు, బరువు, వయసు, ఇంటిపని లెక్కేస్తే ఆమె శరీరం రోజుకు 1,600 నుంచి 1,700 దాకా ఖర్చు చేస్తుంది. నిజంగా 1,180 మాత్రమే తింటే మూడు నెలల్లో బరువు కదలాలి. తూకం 71 దగ్గరే ఉంది.

ఇలాంటప్పుడు పేషెంటు అబద్ధం రాస్తున్నారని అనుకోవడం తేలిక. నేను అలా అనుకోలేదు గానీ, "ఏమైనా మర్చిపోతున్నారా?" అని రెండుసార్లు అడిగి ఊరుకున్నాను. ఆమె ప్రతిసారీ "అన్నీ రాస్తున్నానమ్మా" అన్నారు. ఆమె దృష్టిలో అది నిజమే.

ఇంకో యాప్, ఇంకో ప్రయత్నం

ఆమె అడిగింది ఒక్కటే: "దీనికంటే తేలికైనది ఉంటే చెప్పమ్మా. ఇది రాయలేక టెన్షన్ వస్తోంది." ఎంత కష్టంగా ఉందో కళ్లారా చూద్దామని, నా ఎదుటే కూర్చుని ముందురోజు మధ్యాహ్నం భోజనం ఎక్కించమన్నాను. అన్నం, కందిపప్పు, బీరకాయ కూర, చారు, పెరుగు. పదకొండు నిమిషాలు పట్టింది. బీరకాయను ఇంగ్లిష్‌లో ఏమంటారో ఆమెకు తెలియదు. తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఏమీ రాలేదు. పప్పు అని వెతికితే "ఒక గిన్నె పప్పు" అంటూ మూడు వచ్చాయి. ఒకదాంట్లో 110 కేలరీలు, ఇంకోదాంట్లో 180, మూడోదాంట్లో 260. ఆమె అన్నిటికంటే పైనున్న 110ని ఎంచుకున్నారు. ఎవరైనా అదే చేస్తారు.

ఈ తేడా ఎందుకొస్తుందో కొంచెం చెప్పాలి. మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువలకు నమ్మదగిన ఆధారం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు. అందులో 528 ఆహారాలున్నాయి. అవి ప్రధానంగా బియ్యం, కందిపప్పు, బీరకాయ వంటి వండని పదార్థాలు. మన ఇంట్లో వండిన పప్పు ఎందులోనూ ఉండదు. ఒక గ్లాసు కందిపప్పులో ఎన్ని నీళ్లు పోశారు, తాలింపులో ఎంత నూనె వేశారు అన్నది ఇంటింటికీ మారుతుంది. ముద్దపప్పూ పప్పే, పప్పుచారూ పప్పే. యాప్‌లో కనిపించే అంకె ఎవరో ఒకరి ఇంటి పప్పుది.

పైగా ఈ యాప్‌లు పళ్లెంలో ఒకటి రెండు పదార్థాలుండే తిండికి బాగా పనికొస్తాయి. మన కంచంలో పూటకు ఐదు. రోజుకు పదమూడు పద్నాలుగు సార్లు వెతికి ఎక్కించాలి. మూడు నెలల పాటు ఆమె అంత చేశారంటే కొడుకు మీద ప్రేమతోనే.

తర్వాత ఫోటో తీస్తే చాలు అనే యాప్ ఒకటి పెట్టించాను. పప్పుచారును టమాటా సూప్ అంది. పెరుగన్నం కింద ఎంత అన్నం ఉందో, వేపుడులో ఎంత నూనె ఉందో ఫోటోలో తెలియదు. నాలుగు రోజులకే ఆపేశాం.

ఆ తర్వాత వారం మొత్తం ఏం తినాలో తనే చెప్పే యాప్. ఓట్స్, కినోవా, బ్రకోలీ, సలాడ్. అందరికీ ఒక వంట, తనకొకటి చేసుకోవాల్సి వచ్చింది. ఆమె తొమ్మిది రోజులు చేసి మానేశారు. "ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టినట్టుంది" అని అత్తగారు అన్నారట. ఆ పెద్దావిడ మాటతోనే నా ఆలోచన దారి మళ్లింది. ఈ యాప్‌లన్నీ తినే మనిషిని లెక్కపెడుతున్నాయి. ఈ ఇంట్లో ఎంత తినాలన్నది తేలేది మాత్రం వండే గిన్నె దగ్గర.

గిన్నె దగ్గర దొరికింది

కోడలిని ఒక సాయం అడిగాను. మూడు రోజులు అన్నం గిన్నెను వడ్డనకు ముందొకసారి, అందరూ తిన్నాక ఒకసారి ఫోటో తీసి పంపమన్నాను. రెండో ఫోటోలో గిన్నె ప్రతిసారీ ఖాళీ.

ఆమెను పిలిచి అడిగాను. "మీరు ఎప్పుడు తింటారండీ?"

"అందరిదీ అయ్యాక."

"మీరు తిన్నాక గిన్నెలో మిగిలితే?"

"ఉంటే ఒక రెండు ముద్దలు, కాస్త పచ్చడో పెరుగో వేసుకుని తినేస్తాను. అది తినడం కాదమ్మా. అన్నం పారేయలేక."

అదే యాప్‌లోకి ఎక్కని తిండి. ఆమెకు భోజనమంటే కంచంలో పెట్టుకున్నది. గిన్నె ఖాళీ చేయడం ఇంటిపని. "ఏం తిన్నారు?" అని ఎన్నిసార్లు అడిగినా అది బయటికి రాదు. తర్వాతి మూడు రోజులు ఆ మిగిలినదాన్ని తినేముందు తూచమన్నాను. 220, 180, 260 గ్రాములు వచ్చాయి. సగటున 220 గ్రాముల అన్నమంటే సుమారు 280 కేలరీలు, 60 గ్రాములకు పైగా పిండిపదార్థం. అదీ మధ్యాహ్నం ఒక్కపూటకే.

అప్పుడు లెక్కను తిరగేశాను. ఆమె బియ్యం గ్లాసు తెప్పించి తూస్తే నిండుగా 170 గ్రాములు. పూటకు మూడు గ్లాసుల చొప్పున రోజుకు ఆరు. కందిపప్పు రోజుకు ఒక చిన్న గ్లాసు, 150 గ్రాములు. కందిపప్పులో వంద గ్రాములకు దాదాపు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఐదుగురికి పంచితే మనిషికి ఆరున్నర గ్రాములు. "మేము రోజూ పప్పు తింటాం" అని చెప్పే ఇంట్లో పరిస్థితి అది. ఆమెకు రోజుకు 50 గ్రాముల దగ్గర కావాలని నా అంచనా. నూనె నెలకు ఆరు లీటరు ప్యాకెట్లు. లీటరుకు సుమారు 910 గ్రాముల చొప్పున చూస్తే రోజుకు మనిషికి 36 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల తిండికి సూచించింది 27.

ఈ మూడూ ఇంట్లో ముందునుంచే కొలిచి వాడుతున్నవి. గ్లాసు, గ్లాసు, ప్యాకెట్. కొత్తగా వెతకాల్సిందేమీ లేదు.

ఎలాంటి యాప్ ఎంచుకున్నాం

ఇప్పుడు యాప్ నుంచి ఏం కావాలో స్పష్టమైంది. వారానికి ఏ రోజు ఏ కూర అనేది ఒక పట్టికలో పెట్టాలి. పోయిన వారాన్ని ఒక్క నొక్కుతో ఈ వారానికి తెచ్చుకోగలగాలి. మూడు లెక్కలకు మూడు బొత్తాలుండాలి. పేర్లు తెలుగులో రాసుకోగలగాలి. నెట్ లేకున్నా పని చేయాలి. ఎర్ర రంగులు, "మీరు లక్ష్యం దాటారు" అనే హెచ్చరికలు ఉండకూడదు.

ఐదు చూశాం. ప్రతిదానికీ ఒకే పరీక్ష: నా సాయం లేకుండా ఆమె నిన్నటి రోజును ఎక్కించాలి, నేను గడియారం చూస్తాను. చివరికి తీసుకున్నది పోషకాల లెక్కే లేని మామూలు వంటల ప్లానర్. నిన్నటి రోజు నలభై సెకన్లలో అయిపోయింది. దాని పేరు చెప్పడం లేదు, ఎందుకంటే యాప్‌లు ఆరు నెలలకే రూపం మార్చేస్తాయి. పై లక్షణాలున్నది ఏదైనా చాలు.

పోషకాల లెక్క లేని యాప్‌ను డైటీషియన్ ఎంచుకోవడమేమిటని నా తోటి ఉద్యోగి ఒకరు అడిగారు. ఆ ఇంట్లో తిరిగి తిరిగి వండేవి పద్నాలుగు వంటకాలు. వాటి లెక్క నేను ఒక ఆదివారం కూర్చుని, ఆమె కొలతలతో, ఆ 2017 పట్టికలు చూసి వేశాను. ఒకసారి వేస్తే చాలు, దాన్ని ఆమె రోజూ వేయనక్కర్లేదు. దీనివల్ల ఏ రోజు ఎన్ని కేలరీలన్నది నాకు తెలియదు. ఆ అంకె తెలిసినా నా సలహా మారేది కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. అది ఏ యాప్‌లోనూ తేలదు, రక్తపరీక్ష చేయించాం.

కొడుకుతో మాట్లాడటమే అన్నిటికంటే కష్టమైంది. అతను ఆ లెక్కలు చూడకూడదని చెప్పాలి. "మీ అమ్మగారు మీరు చూస్తారని ఒక పూట తిండి మానేశారు. అందుకే ఆ రోజు షుగర్ పడిపోయింది" అని ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను మరి ఏం చేయాలి మేడమ్?" అన్నాడు. ఆదివారం ఫోన్ చేసి ఈ వారం ఏం వండిందో అడగమన్నాను, ఎంత తిన్నదీ అడగొద్దన్నాను. అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు.

వండే తీరులో మార్పులు, సర్దుబాట్లు

బియ్యం రోజుకు ఆరు గ్లాసుల నుంచి నాలుగున్నరకు తగ్గించమన్నాను. ఇది పొరపాటు నిర్ణయం. మొదటి వారమే క్యారియర్లలో అన్నం చాలడం లేదని వచ్చింది. ఆమె తన వాటా పిల్లలకు పెట్టేసి తను తక్కువ తిన్నారు. మాత్ర వేసుకునే మనిషికి మళ్లీ అదే ప్రమాదం. ఐదు గ్లాసులకు పెంచాం, అక్కడ కుదిరింది.

అత్తగారి సంగతీ చూడాల్సి వచ్చింది. ఆమె సన్నగా, బలహీనంగా ఉన్నారు. ఇంటి మొత్తానికి అన్నం తగ్గిస్తే ఆమెకు నష్టం. ఆమె వాటా ముట్టుకోకుండా, రోజూ ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు కలిపాం. గిన్నెను మారుస్తున్నామంటే ఆ గిన్నెలోంచి తినేవాళ్లందరి ఆరోగ్యం చూడాలి. దీన్ని ముందే ఆలోచించి ఉండాల్సింది.

వడ్డనలో ఒక్క మార్పు అడిగాను. అందరికీ వడ్డించేముందే ఆమె తన కంచంలో రెండు హస్తాల (అన్నం వడ్డించే గరిటెల) అన్నం, దానికి సమానంగా కూర పెట్టుకుని మూతవేసి పక్కన పెట్టాలి. ముందుగా తనకు పెట్టుకోవడం ఆమెకు ఇబ్బందిగా అనిపించింది. "నాకు సిగ్గుగా ఉందమ్మా" అన్నారు. ఆ పని కోడలు తీసుకుంది. "అత్తయ్యా, మీ కంచం నేను పెడతాను" అని మొదలుపెట్టాక ఇబ్బంది పోయింది.

మిగిలిన అన్నం గంటలోపు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు తాలింపు అన్నమో పులిహోరో చేస్తే ఆ పూట బియ్యంలో అర గ్లాసు తగ్గించాలి. అన్నం పారేయకూడదన్న ఆమె పట్టింపు సరైనదే. ఆ పట్టింపుకు ఆమె కడుపు కాకుండా వేరే చోటు చూపించాలి.

పప్పు 250 గ్రాములకు పెంచాం. కిడ్నీ పరీక్ష బాగుంది కాబట్టే ఆ ధైర్యం చేశాను. రాత్రిళ్లు వారానికి రెండుసార్లు జొన్నరొట్టె అనుకున్నాం గానీ ఆ ఇంట్లో ఎవరికీ రొట్టె చేయడం చేతకాదు. రెండు రాత్రులు విరిగిన రొట్టెలు తిని వదిలేశారు. దాని బదులు పెసరట్టు పెట్టాం. వారంలో నాలుగు వేపుళ్లను రెండుకు తగ్గించి, మిగతావి ఇగురు కూరలు చేశారు. కార్తీక సోమవారాలకు ముందే డాక్టరు గారిని అడిగి, ఉపవాసం రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాయించుకున్నాం.

ఫలితం

ఈ మార్పులు మొదలుపెట్టిన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.6. ఆరు నెలలకు 7.2. బరువు 68.5. నూనె రెండు నెలలకు తొమ్మిది ప్యాకెట్లకు వచ్చింది, అంటే రోజుకు మనిషికి 27 గ్రాములు. షుగర్ 70 కంటే కిందికి మళ్లీ రాలేదు. రెండో నెల నుంచి అత్తాకోడళ్లు రాత్రి భోజనం తర్వాత అరగంట నడుస్తున్నారు, కాబట్టి ఈ తగ్గుదల అంతా గిన్నెదే అనలేను. ప్రోటీన్ ఇంకా 45 గ్రాముల దగ్గరే ఉంది. శని, సోమవారాలు ఆమె గుడ్డు, చేప తినరు, ఆ రోజుల్లో మరీ తక్కువ. శనగలు, అలసందలు ఎక్కువైతే అత్తగారికి పడవు. దీనికి ఇంకా దారి వెతుకుతున్నాం.

నా పనిలో ఈ కేసు తర్వాత మారినవి ఇవి. యాప్ గురించి అడిగినవాళ్లను ముందు మందుల చీటీ చూపించమంటాను. యాప్‌లో రోజు లక్ష్యం ఎవరు పెట్టారో తెరిచి చూస్తాను. ఆ లెక్క ఇంకెవరి ఫోనులో కనిపిస్తోందో అడుగుతాను. "ఏం తిన్నారు?" అనేదానికంటే ముందు "ఎవరు వండుతారు? ఎవరు చివర తింటారు? మిగిలింది ఏమవుతుంది?" అని అడుగుతాను. వంట చేసే ఆడవాళ్ల దగ్గర చివరి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబు చాలాసార్లు యాప్‌లో రాసినదానికి సరిపోదు.

పోయిన నెల ఆమె ఆరు నెలలకని పెద్ద కొడుకు దగ్గరికి అమెరికా బయలుదేరారు. వెళ్లేముందు వచ్చి, అక్కడ కొడుకు ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చిన కప్పుతో బియ్యం పోస్తాడని, తన లెక్క తప్పుతుందేమోనని అడిగారు. ఆ కప్పు 180 మిల్లీలీటర్లది, బియ్యం 150 గ్రాముల దాకా పడుతుంది. ఆమె గ్లాసు కంటే 20 గ్రాములు తక్కువ. అది రాసి ఇచ్చాను. అయినా గ్లాసును కూడా సూట్‌కేసులో పెట్టుకున్నారని కోడలు చెప్పింది.